మొదటి అంశం

“సంతకమే కాదు, టైము కూడా వేయించారు! ఎవరి చేత? నా సొంత చెల్లెలి చేత!”

ఆ పొద్దున అత్తగారు ఆ మాట అనడం అది ఐదోసారి. మొదటి నాలుగుసార్లు వంటింట్లోంచి అంది. ఇప్పుడు ముందుగదిలోకి వచ్చి, మామగారి కుర్చీకి ఎదురుగా నిలబడి అంటోంది. చేతిలో గరిటె అలాగే ఉంది.

“వచ్చినవాళ్లెవరైనా రాయాల్సిందే,” అన్నాడు మామగారు. “రూలు అందరికీ ఒకటే.”

“ఏం రూలు? ఇదేమన్నా స్కూలా? జల్లెడ తిరిగిచ్చిపోదామని వచ్చింది పాపం. గుమ్మంలో నిలబెట్టి పేరు రాయి, వచ్చిన పని రాయి అన్నారట.”

“రాసిందిగా.”

“ఏం రాసిందో చూశారా?”

మామగారు పక్కనున్న పుస్తకం తెరిచి, కళ్లజోడు సర్దుకుని చదివాడు. “వచ్చిన పని: బుద్ధి తక్కువై.” ఆ అక్షరాలను కాసేపు అలాగే చూశాడు. “వెళ్లిన టైము వేయలేదు,” అన్నాడు.

“వేస్తుంది, వేస్తుంది! ఇంకోసారి ఈ గడప తొక్కితే కదా! పాలవాడు సంతకం పెడుతున్నాడు, పేపరువాడు సంతకం పెడుతున్నాడు. రేపు కాకి వచ్చి వాలినా వేలిముద్ర వేయించుకునేలా ఉన్నారు.”

నేల మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులేస్తున్న మనవరాలు కిసుక్కున నవ్వింది. తొమ్మిదేళ్ల పిల్ల. ఒక చోట నిలవదని తాతే దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు. అది నవ్వితే తాత కూడా నవ్వాలి. ఎప్పుడూ జరిగేది అదే. ఇవాళ ఆయన పుస్తకం మూసి, పెరటి తలుపుకు రెండో గడియ బిగించాలంటూ స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. పిచ్చుక నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మూడు వారాలుగా ఆ ఇల్లు ఇలాగే ఉంది. పందొమ్మిదేళ్లు బడి గేటు దగ్గర కూర్చున్న మనిషిని తీసుకొచ్చి ఇంట్లో కూర్చోబెడితే, ఆయన ఇంటికే గేటు పెట్టుకున్నాడు.

అదే బడిలో కోడలు రెండో తరగతి టీచరు. మూడు వారాల కిందట ఇంటర్వెల్లో, పక్క సందులోకి తెరుచుకునే తలుపులోంచి ఒక మనిషి లోపలికి వచ్చి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న ఆమె క్లాసు పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. తండ్రే. కానీ పిల్ల తల్లి దగ్గరే ఉండాలని కోర్టు చెప్పిన తండ్రి. మూడో రోజున ఎక్కడో దూరపు బస్టాండులో, బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉన్న పిల్ల దొరికింది. ఒంటి మీద దెబ్బ లేదు. నోట్లో మాటా లేదు. ఇప్పటికీ లేదు.

మామగారిని గేటు నుంచి తీసేశారు. ఆ తలుపు ఎందుకు తెరిచి ఉందో తేల్చి, ఇకముందు బడి భద్రతకు ఏమేం చేయాలో రాయమని కమిటీ వేశారు. చేతిరాత బాగుంటుందని నివేదిక రాసే పని టీచరుకే అప్పజెప్పారు. రేపు సోమవారం పదింటికి అది అందరి ముందూ చదవాలి.

తలుపు తెరిచి ఉంచింది ఆ టీచరే.

ఆ పిల్ల తల్లి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. డ్యూటీ దిగి పిల్లను తీసుకొచ్చేసరికి ఎంత పరుగెత్తినా తొమ్మిదింపావు అవుతుంది. గేటు తొమ్మిదికి మూస్తారు. ఆలస్యంగా వచ్చిన పిల్లలు మొదటి పీరియడు అయ్యేదాకా బయట గోడవార నిలబడాలి. అది బడిలో అందరూ పెద్ద మేడంగారు అనే హెడ్మిస్ట్రెస్ రూలు. ఒకరోజు వానలో నిలబడి నిలబడి ఆ పిల్ల ఒళ్లు కాలిపోతూ క్లాసులోకి వచ్చింది. మర్నాటి నుంచి టీచరు సుద్దముక్కల డబ్బా అట్ట చింపి, మడిచి, పక్క తలుపు గడియ పడే కన్నంలో దోపడం మొదలుపెట్టింది. తలుపు మూసినట్టే కనిపిస్తుంది. తోస్తే తెరుచుకుంటుంది.

ఈ సంగతి తెలిసిన రెండో మనిషి ఆ నర్సు ఒక్కతే అని టీచరు నమ్మకం. పోయిన గురువారం ఆసుపత్రి మెట్ల మీద నర్సు ఆమె రెండు చేతులూ పట్టుకుని, “మీరు నా పిల్ల కోసమే చేశారు. నా నోటితో నేను చెప్పను టీచర్,” అంది. ఆ మాటకు బదులు చెంప మీద కొట్టి ఉంటే ఇంటికి తేలిగ్గా నడిచి వచ్చేదాన్నని టీచరు అనుకుంది.

అందుకే నాలుగు రోజులుగా ఆమె నివేదికను రెండో అంశం నుంచి రాస్తోంది.

రెండు: సందు వైపు గోడ ఎత్తు పెంచాలి. మూడు: ప్రతి పిల్లనూ ఇంటికి తీసుకెళ్లే అర్హత ఎవరెవరికి ఉందో ఫొటోలతో సహా పట్టిక తయారుచేసి, గేటు దగ్గరా క్లాసులోనూ ఉంచాలి. నాలుగు: ఇంటర్వెల్లో కుళాయిల దగ్గర ఒక టీచరు విధిగా నిలబడాలి. ఐదు: ప్రతి గదిలో ఆఫీసుకు మోగే బెల్లు. అలా పద్నాలుగు దాకా వరసలు తప్పకుండా, కొట్టివేతలు లేకుండా ఉంది. పై పేజీలో మాత్రం ‘ఒకటి: పక్క తలుపు తెరిచి ఉండుటకు కారణము’ అని ఉండి, కింద అర పేజీ తెల్లగా ఉంది.

“ఇంకా అవలేదా?” భర్త చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు. బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఆదివారం కూడా గోళ్లలో ఆ నలుపు పోదు. “ఆ ఒక్కటీ రాసేస్తే అయిపోతుంది కదా?”

“ఏమని రాయను?”

“నాన్న ఇచ్చిన కాగితం ఫైల్లో పెట్టే ఉంటారే. చూడలేదా?”

“ఏం కాగితం?”

“నిన్న నువ్వు బజారుకెళ్లినప్పుడు స్కూలుకు వెళ్లి రాసిచ్చి వచ్చాడు. నాకూ రాత్రే చెప్పాడు.” అతను గొంతు తగ్గించాడు. “ఆయన పేరు రాయాలంటే నీకు కష్టంగానే ఉంటుంది. కానీ ఆయనే ఒప్పుకున్నాక నువ్వు కొత్తగా అనేదేముంది? చూసి ఎక్కించెయ్. ఈ గొడవ వదిలిపోతుంది.”

ఫైలు పొద్దున్నే ఆఫీసు మనిషి తెచ్చి ఇచ్చి, మామగారి పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లాడు. టీచరు ఇంకా విప్పలేదు. ఇప్పుడు విప్పింది. మొదటి కాగితమే అది. గీతల కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు.

‘ఆ రోజు పక్క తలుపుకు గడియ వేయడం మరిచిపోయాను. తప్పు నాదే. పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ నన్ను క్షమించాలి.’

ఆమె ఒకసారి చదివింది. మళ్లీ చదివింది.

ఆ తలుపుకు ఎవరూ గడియ వేయరు. అది స్ప్రింగు గడియ. తలుపు మూసుకుంటే దానంతటదే పడుతుంది. బయటి నుంచి తెరవాలంటే తాళంచెవి కావాలి, లోపలి నుంచైతే పిడి తిప్పితే చాలు. వేసే పనే లేని గడియను మరిచిపోవడం ఎలా కుదురుతుంది? పందొమ్మిదేళ్లు రోజూ ఆ తలుపు లాగి చూసిన మనిషికి ఈ సంగతి తెలియక కాదు. అబద్ధం అలవాటు లేని మనిషి మొదటిసారి రాసిన అబద్ధంలా ఉంది అది. రాయాల్సిన అవసరం ఆయనకు ఎందుకొచ్చింది?

ఆమె కలం మూత పెట్టి లేచింది.

వంటింటి వెనక సన్నటి వసారా. వాన ఆగి ఆగి పడుతోంది. ఆరని బట్టలు తాడు మీద బరువుగా వేలాడుతున్నాయి. మామగారు పెరటి తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుని కొత్త గడియ బిగిస్తున్నాడు. పెదాల మధ్య రెండు స్క్రూలు.

“మావయ్యగారూ, ఆ తలుపుకు గడియ వేసే పనే లేదు కదా.”

ఆయన వెనక్కి తిరగలేదు. స్క్రూలు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. “కమిటీలో ఆ సంగతి ఎవరికి తెలుస్తుందిలే అమ్మా. వాళ్లలో ఆ తలుపు ముట్టుకున్నదెవరు?”

“నాకు తెలుసు.”

“నీకు తెలుసని నాకూ తెలుసు.”

ఆమె తాడు పట్టుకుంది. తడి బట్ట చేతికి తగిలింది.

“ఎప్పటి నుంచి?”

“మొదటి రోజు నుంచే.” ఆయన ఇప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. “తొమ్మిదిన్నర రౌండులో ప్రతి తలుపూ లాగి చూస్తాను కదా. అది లాగగానే వచ్చేసింది. చూస్తే కన్నంలో అట్టముక్క. సుద్దముక్కల డబ్బాది. రెండు మడతలు. ఆ డబ్బాలు నీ క్లాసుకు మోసిచ్చేది నేనే కదమ్మా. తీసి జేబులో వేసుకున్నాను. మర్నాడు మళ్లీ ఉంది. మళ్లీ తీశాను. తర్వాత నువ్వు మూడు మడతలు పెట్టడం మొదలుపెట్టావు.”

“రెండైతే జారిపోతోందనుకున్నాను,” అంది ఆమె. “ఇంటర్వెల్లో అట్ట తీసేద్దామని వెళ్తే గడియ పడి ఉండేది. పిల్ల వచ్చి తలుపు మూసినప్పుడు ఊడి పడుతోందనుకున్నాను. ఆయా ఊడ్చేస్తోందనుకున్నాను.”

“పిల్ల వచ్చేది తొమ్మిదింపావుకి. నేను తీసేది తొమ్మిదిన్నరకి. నాలుగు నెలలు.”

నాలుగు నెలలు. ఆమె తెరిచింది, ఆయన మూశాడు. పొద్దున్నే ఇద్దరూ ఒకే బస్సు దిగి, ఒకే దారిలో నడిచి, గేటు దగ్గర విడిపోయేవాళ్లు. అక్కడి నుంచి ఆయనకు ఆమె ‘టీచరుగారు’. ఇన్ని రోజుల్లో ఆ తలుపు గురించి ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. తలుపు ఎలాగూ మూసుకుంటోందన్న ధీమాతో ఆమె ఇంటర్వెల్లో వెళ్లి చూడడం మానేసి రెండు నెలలైంది. తన అదృష్టం అనుకున్నది ఒక ముసలాయన చెయ్యి అని ఆమెకు తట్టనేలేదు.

“ఒక్క మాట చెప్పి ఉంటే మానేసేదాన్ని కదా మావయ్యగారూ!”

“ఎక్కడ చెప్పను? స్కూల్లో నువ్వు టీచరుగారివి, నేను గేటు మనిషిని. ఇలా చేయకండి అని టీచరుతో ఎలా అంటాను? ఇంటికొస్తే నువ్వు కోడలివి. కోడల్ని నిలదీసే అలవాటు నాకు లేదు. మీ అత్తయ్య అంటుందే, నాకు నోరు లేదని. నిజమే.” ఆయన అరచేతిలోని స్క్రూలను దొర్లించాడు. “ఇంకోటి కూడా ఉందమ్మా. మానమనాలని నాకు లేదు. ఆ పిల్ల వానలో నిలబడిన రోజు గేటుకు ఇవతల నిలబడింది నేనే. తాళం నా చేతిలోనే ఉంది. అది నావైపు చూస్తూనే ఉంది. తీయలేదు. రూలు. నేను చేయలేని పని నువ్వు చేస్తున్నావనుకున్నాను. వెనకాల వెళ్లి మూస్తే నా వంతు అయిపోతుందనుకున్నాను.”

“మరి ఆ రోజు?”

ఆయన స్క్రూలు నేల మీద పెట్టాడు. 

“ఆ రోజు ఎవరో తనిఖీకి వస్తున్నారని పెద్ద మేడంగారు హాల్లో బెంచీలు సర్దమన్నారు. తొమ్మిదింటి నుంచి మోస్తూనే ఉన్నాను. మరిచిపోయానని రాశాను కదా. అది అబద్ధం. మరిచిపోలేదు. ఒక్కో బెంచీ మోస్తుంటే గుర్తొస్తూనే ఉంది. తలుపు, తలుపు అని. ఐదు నిమిషాలు వెళ్లొస్తానని అడగాలి. ఎందుకు అంటే ఏం చెప్పాలి? నీ పేరు చెప్పాలి. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను.” ఆయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచాడు. అద్దాలకు ఏమీ లేదు. “ఆ ఒక్కరోజే అమ్మా.”

ఏడవాలనిపించలేదు ఆమెకు. ఏడిస్తే ఆయన లేచి ఓదారుస్తాడు. అది ఇంకా అన్యాయం.

“ఆ కాగితం వెనక్కి తీసుకోండి.”

“తీసుకోను. అది అలాగే ఉండనీ. నాకు ఒక కుర్చీ ఉండేది, అది పోయింది. ఇంకేం పోతుంది? నీకు క్లాసునిండా పిల్లలున్నారు. ఈ మాట బయటికి పొక్కిందంటే మళ్లీ ఏ బడిలోనూ నీ చేతికి సుద్దముక్క ఇవ్వరు. నేను పందొమ్మిదేళ్లుగా చూస్తున్నాను, బడిలో చెడ్డపేరు ఎలా అంటుకుంటుందో నాకు తెలుసు.”

“కాగితం అలాగే ఉంటే ఏమవుతుందో చెప్పనా? ఆ తలుపుకు ఇటుకలు పేరుస్తారు. మీ కుర్చీలో ఏజెన్సీ మనిషి కూర్చుంటాడు. కెమెరాలు పెడతారు. గేటు మటుకు తొమ్మిదికే మూస్తారు. ఎవరో ఒక పిల్ల మళ్లీ వీధిలో నిలబడుతుంది. ఈసారి ఎవడైనా లోపలికి రావాల్సిన పని కూడా ఉండదు. గోడ పక్క నుంచే తీసుకుపోవచ్చు.”

మామగారు స్క్రూడ్రైవరు మళ్లీ అందుకున్నాడు. లోపలి నుంచి అత్తగారి కేక వినిపించింది. “భోజనాలకు వస్తారా, పాస్ ఇవ్వాలా?”

భోజనాల దగ్గర అత్తగారు తన చెల్లెలి విషయం ఆరోసారి ఎత్తబోయి, భర్త మొహం చూసి ఊరుకుంది. అప్పుడు పిచ్చుక అడిగింది.

“తాతా, నువ్వు నిజంగానే మర్చిపోయావా?”

“ఏయ్, తిను ముందు,” అన్నాడు తండ్రి.

“కాదు నాన్నా, మా క్లాసులో వాళ్లు తాతకు మతిమరుపు అంటున్నారు. నేను కాదన్నాను. తాతకు స్కూల్లో పిల్లలందరి పేర్లూ తెలుసు, వాళ్లింటికి ఎవరు తీసుకెళ్తారో కూడా తెలుసు అన్నాను. అయితే మరి కావాలనే తెరిచాడేమో అంది ఒకమ్మాయి.” పిచ్చుక ముద్ద కంచంలో వదిలేసింది. “నేను దాన్ని తోసేశాను. నాకే పనిష్మెంట్ ఇచ్చారు. మర్చిపోయావా తాతా?”

మామగారు కంచంలోకి చూస్తూ, “అవునమ్మా. మరిచిపోయాను,” అన్నాడు.

పిచ్చుక ఆయన్ని కొంచెంసేపు చూసింది. తొమ్మిదేళ్ల పిల్ల మొహంలో అంత పెద్ద వయసు టీచరు ఎప్పుడూ చూడలేదు. అది కంచం ముందుకు తోసి లేచిపోయింది. తాత పిలవలేదు.

టీచరు చెయ్యి కడుక్కుని బల్ల దగ్గరకు వెళ్లింది. తలుపు దగ్గరగా వేసుకుంది. బయట అత్తగారు గిన్నెలు సర్దుతున్న చప్పుడు, తర్వాత అదీ లేదు. మొదటిసారి రాసింది చించేసింది. అందులో ‘పొరపాటున’ అనే మాట మూడుసార్లు వచ్చింది. రెండోదీ చించేసింది. అందులో ఆ వాన గురించే ఎక్కువ ఉంది, చదివితే తనమీద తనకే జాలి కలిగేలా ఉంది. మూడోసారి రాసింది పన్నెండు వరసలు. ఒక చోట కొట్టివేత ఉంది. మార్చలేదు.

నాలుగింటికి అత్తగారు టీ పెట్టింది. అలిగినా ఆవిడ టీ మానదు, ఎవరినీ మాననివ్వదు. నలుగురూ ముందుగదిలో కూర్చున్నారు. పిచ్చుక మూల గోడకు ఆనుకుని, ఎవరికీ దగ్గర కాకుండా కూర్చుంది. టీచరు కాగితం చేత్తో పట్టుకుని వచ్చి నిలబడింది.

“అయిందా?” అన్నాడు భర్త.

“అయింది. రేపు అక్కడ చదివేముందు ఇక్కడ చెప్పాలి.” ఆమె గొంతు పెంచలేదు, హాజరు పిలిచేటప్పటి గొంతే. “ఆ తలుపు తెరిచి పెట్టింది నేను. గడియ కన్నంలో అట్ట దోపి, నాలుగు నెలలు. ఆ లేటుగా వచ్చే పిల్ల కోసం.”

భర్త చేతిలో కప్పు సాసరులోకి దిగలేదు, నోటి దాకానూ వెళ్లలేదు. అత్తగారు కోడలి వైపు, తన మనిషి వైపు, మళ్లీ కోడలి వైపు చూసింది. “ఏమంటోందండీ అమ్మాయి? మీకు తెలుసా ఇది?”

మామగారు తల దించుకునే ఉన్నాడు. “వద్దమ్మా,” అన్నాడు. “ఇంకా టైముంది. చించెయ్.”

“రోజూ నా వెనకాల ఆ తలుపు మూసింది మావయ్యగారు. ఆ ఒక్కరోజు మూయలేకపోయారు. మరిచిపోయి కాదు,” అని పిచ్చుక వైపు తిరిగింది టీచరు. “మీ తాత ఏదీ మరిచిపోలేదే.”

పిచ్చుక మోకాళ్ల మీంచి తల ఎత్తింది.

“నీకు తెలిసే చెప్తున్నావా?” భర్త కప్పు కింద పెట్టాడు. “రేపు పదింటికి చదువుతావు. పదీ ఐదుకి నీ ఉద్యోగం ఉండదు. నాన్న మీద పడింది చాలదా, ఇద్దరి మీదా వేసుకుంటావా?”

“ఇద్దరి మీద కాదు. ముగ్గురి మీద. పిల్లల్ని తాళం బయట వీధిలో నిలబెట్టమన్నది పెద్ద మేడంగారు. అదీ రాశాను.”

“ఆవిడ ముందే చదువుతావా?” అంది అత్తగారు, గొంతు పూర్తిగా తగ్గిపోయి. “ఆవిడ కూర్చుని ఉండగా?”

“ఆవిడా ఉంటారు అత్తయ్యా. ఆ పిల్ల తల్లీ ఉంటుంది.” టీచరు కాగితాన్ని అందరికీ కనిపించేలా బల్ల మీద పరిచి, చేత్తో ఒకసారి సాపు చేసింది. “ఎవరినీ వదల్లేదు. ముందు నా పేరే రాశాను.”